గాజుల లక్ష్మీనర్సు శెట్టి: అర్జీదారు శాసనసభ్యుడైన చరిత్ర

సోమవారమునాడు సంగారెడ్డి కలెక్టరు కార్యాలయమునకు వెళ్లినవారికి ఒక దృశ్యము సుపరిచితము. జహీరాబాదు, నారాయణఖేడు, సదాశివపేట, పటాన్‌చెరు ప్రాంతములనుండి వచ్చిన జనులు మడిచిన కాగితములను చేతబట్టుకొని ప్రజావాణికై వరుసదీరి నిలిచియుందురు. ఒకరికి పట్టాలో చిక్కు, ఒకరికి పింఛను రాలేదను దిగులు, వేఱొకరికి వాగులో కలియు కర్మాగారపు మురుగునీటి బాధ. ఆ కాగితమును మనవారు అర్జీ యందురు. ప్రజ వ్రాసి యిచ్చుటయు, పాలకుడు పుచ్చుకొని విచారించుటయు నేడు మనకు సూర్యోదయమువలె సహజముగా తోచును. కాని యొకనాడది సహజము కాదు. అర్జీ పెట్టినవాడే నేరస్థుడుగా పరిగణింపబడిన రోజులు కలవు. ఆ రోజులలో వేలకొలది జనుల గోడును సముద్రము దాటించి బ్రిటిషు పార్లమెంటు చెవిని వేసిన తెలుగువా డొకడుండెను. ఆయన తరువాత మద్రాసు శాసనసభలో సభ్యుడయ్యెను. ఆయన పేరు గాజుల లక్ష్మీనర్సు శెట్టి. మద్రాసులో నీ పేరు చరిత్ర పుస్తకములయందైన మిగిలినది. మన ప్రాంతమున నెఱిగినవారు మిక్కిలి యరుదు. కనుక నాయన జీవితమును శ్రోతలకును పాఠకులకును పరిచయము చేయ సంకల్పించితిమి.

లక్ష్మీనర్సు శెట్టిగారు 1806వ సంవత్సరమున చెన్నపట్టణమున జన్మించిరి. తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందును, వస్త్రములను విక్రయించు వర్తకుడు. ఆనాడు మద్రాసునగరమున తెలుగు వర్తకులు పలుకుబడి గలవారు. కంపెనీ దొరలతోడి లావాదేవీలు, ఓడరేవు వర్తకము, ధర్మసత్రముల నిర్వహణము - ఇవన్నియు వారి చేతిలో నుండెను. శెట్టిగారికి బడిచదువు కొద్దియే. అయినను పిన్నవయసునుండియు దేశవ్యవహారములను గూర్చి మిత్రులతో చర్చించుట ఆయనకు ప్రీతికరమైన వ్యాసంగము. తండ్రితో కలిసి వ్యాపారము చేసి, దానిని పెంచి, తగినంత ధనము సమకూడిన పిమ్మట దృష్టిని లోకవ్యవహారములవైపు మఱల్చిరి. ధనము సంపాదించిన వర్తకుడు గుడి కట్టించుట, సత్రము వేయించుట మన దేశమున పరిపాటి. శెట్టిగారు కొన్నది అచ్చుయంత్రము.

1844వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన 'క్రెసెంట్' అను ఆంగ్ల పత్రిక మద్రాసులో వెలువడెను. క్రెసెంట్ అనగా నెలవంక. హార్లీ యను ఆంగ్లేయుని శెట్టిగారు సంపాదకునిగా నియమించిరి. స్వదేశీయుల పత్రిక ఆంగ్లమున నెందుకని ప్రశ్న పుట్టవచ్చును. ఏలువాని చెవికి సోకవలె నన్న ఏలువాని భాషలోనే మాటాడవలెనని ఆయన గ్రహించిరి. ఆ గ్రహింపు సరియైనదేనని ప్రభుత్వమువారి ప్రవర్తనమే వెంటనే ఋజువు చేసెను. పత్రిక వెలువడుచున్నదను ప్రకటనను సర్కారు గెజిటులో వేయించుటకు శెట్టిగారు కోరగా ప్రభుత్వము నిరాకరించెను. ఇంకను ఒక్క సంచికయైన చదువకమునుపే పత్రికకు శత్రువు లేర్పడిరన్నమాట.

ఆ కాలమున మద్రాసు గవర్నరు ట్వీడ్‌డేల్ ప్రభువు. ప్రభుత్వ పాఠశాలలలో బైబిలును పాఠ్యగ్రంథముగా ప్రవేశపెట్టవలెనని 1846లో నొక ప్రయత్నము జరిగెను. ప్రజల పన్నులతో నడచు బడిలో నొక మతము నేర్పుట తగదని నగరవాసులు సభ చేసి, కంపెనీ డైరెక్టర్లకు మహజరు పంపిరి. శెట్టిగారా యుద్యమమునకు ముందు నిలిచిరి. ఇది న్యాయమైన వాదమేనని నేటివారును ఒప్పుకొందురు. కాని ఆయనయు, ఆయన వర్గమువారును అంతటితో నాగలేదు. మతము మారినవానికిని, కులమునుండి వెలివేయబడినవానికిని వారసత్వపు హక్కు పోదని 1850లో చేయబడిన చట్టమును సైతము వ్యతిరేకించిరి. ఈనాటి కన్నులతో చూచినచో ఆ చట్టమే న్యాయము, వ్యతిరేకులదే పొరపాటు. మహనీయుల చరిత్రలు చెప్పునపుడు వారి తప్పులను దాచుట మాకు సమ్మతము కాదు. ఆయన తన కాలపు మనిషి. కొన్ని విషయములలో మాత్రము కాలమును మించినవాడు.

ఆ మించిన విషయమేదో చెప్పుటకుముందు ఆనాటి రైతు స్థితిని కొంచెము వివరింపవలసియున్నది. మద్రాసు రాజధానిలో భూమిశిస్తే సర్కారునకు ప్రధానాదాయము. పంట పండినను, ఎండినను శిస్తు చెల్లింపవలసినదే. గుంటూరు సీమను పాడుచేసిన 1832-33 నాటి డొక్కల కరువు తరువాతకూడ రైతుపై బరువు తగినంత తగ్గలేదు. ఇంతకన్న దారుణమైన దొకటి కలదు. 1816వ సంవత్సరపు రెగ్యులేషనుల ప్రకారము శిస్తు వసూలు చేయు తహసీలుదారే పోలీసు అధికారియు నయ్యెను. అతనిపైనున్న కలెక్టరే మేజిస్ట్రేటు. శిస్తు బాకీదారుని పట్టి తెచ్చువాడును, బాధించువాడును, ఆ బాధను గూర్చి ఫిర్యాదు పుచ్చుకొనవలసినవాడును ఒకే కచ్చేరీలోనివారు. కంచే చేను మేసినచో చేను ఎవరితో చెప్పుకొనును?

బాధించుటయన నేమి? దాని వివరములు తరువాత అచ్చయిన సర్కారు నివేదికలోనే కలవు. బాకీదారుని మండుటెండలో నిలువబెట్టుదురు. అన్నమునకు పోనీయరు. పశువులను మేతకు వదలక కొట్టములో బంధింతురు. వాని పంచెతోనే వాని మెడను కాళ్లకు చేర్చి వంచి కట్టి గంటలకొలది యుంచుదురు. చేతివ్రేళ్లను రెండు కఱ్ఱల నడుమ బిగించి నొక్కుదురు; ఈ సాధనమును తమిళులు కిట్టి యనిరి, తెలుగువారు చిరత యనిరి. ఒక్కొక్కచోట మనిషి జుట్టును గాడిద తోకకో, దున్నపోతు తోకకో కట్టుదురు. ఇదంతయు హత్య చేసినవానిని కాదు. కొన్ని అణాలో, కొన్ని రూపాయలో బాకీపడిన సేద్యగాండ్రను. చదువునపుడు మన చేతులు వణకును. కాని ఆనాడు మద్రాసు కోటలోని అధికారులకుగాని, లండనులోని డైరెక్టర్లకుగాని ఇది తెలియదనియే వారనుచుండిరి.

1852వ సంవత్సరము ఫిబ్రవరిలో మద్రాసు నేటివ్ అసోసియేషను స్థాపితమయ్యెను. కలకత్తాలో అంతకు కొలదిమాసములముందు ఏర్పడిన బ్రిటిష్ ఇండియన్ అసోసియేషనునకు శాఖగా మొదలై, స్వల్పకాలములోనే విడివడి స్వతంత్రముగా నిలిచెను. దీనికి ప్రాణము శెట్టిగారు. అప్పటికి కంపెనీకి పార్లమెంటు ఇచ్చిన సనదు గడువు ముగియ వచ్చుచుండెను. సనదును పునరుద్ధరించుటకుముందు ప్రజల కష్టములను పార్లమెంటు వినవలెనని అసోసియేషను దీర్ఘమైన మహజరు నొకదానిని తయారుచేసి పంపెను. శిస్తుల బరువు, ఉప్పుపై గుత్తాధిపత్యము, కోర్టులలో ఆలస్యము, చదువునకు సర్కారు ఖర్చు చేయు స్వల్పధనము, రోడ్లు కాలువల లేమి మున్నగు విషయము లందు వర్ణితములు. 1853లో పార్లమెంటు సనదును మార్చినది గాని మద్రాసువారు కోరిన మేలు దానిలో నేమియు కానరాలేదు.

మఱియొకడైన నిరాశపడి వ్యాపారమునకు మఱలియుండును. శెట్టిగారు వేఱుదారి వెదకిరి. డాన్బీ సేమర్ అను పార్లమెంటు సభ్యుడు హిందూదేశ సంస్కరణకై లండనులో నేర్పడిన సంఘమునకు అధ్యక్షుడు. ఆయన 1853లో స్వయముగా మద్రాసునకు వచ్చెను. మహజరులోని మాటలు కాగితముపై నల్లనివి. వానిని నమ్మవచ్చును, నమ్మకపోవచ్చును. కంటితో చూచినదానిని కాదనుట కష్టము. కనుక శెట్టిగా రాయనను సభలకును విందులకును పరిమితము చేయక కడలూరు, తంజావూరు, తిరుచిరాపల్లి, సేలము మున్నగు సీమలకు తీసికొనిపోయి పల్లెలను చూపించిరి. రైతులచేతనే రైతుల గోడును చెప్పించిరి. రైలుబండి లేని ఆ దినములలో ఈ ప్రయాణ మెంత శ్రమతోను వ్యయముతోను కూడినదో ఊహింపుడు.

ఫలము మఱుసటి సంవత్సరము కనబడెను. 1854 జూలైలో మద్రాసు భూమిశిస్తునుగూర్చి కామన్సుసభలో చర్చ రాగా, శిస్తు వసూలునందు చిత్రహింస జరుగుచున్నదని సభ్యులు చెప్పిరి. కంపెనీ పక్షమువారు ఆశ్చర్యమును, అవిశ్వాసమును ప్రకటించిరి. అయినను సేమర్ తాను చూచివచ్చినవాడు. ఆయన మాటను త్రోసివేయుటకు వీలుకాలేదు. విచారణకు ఉత్తరువు లయ్యెను. ఇలియట్, స్టోక్స్, నార్టన్ అను మువ్వురితో మద్రాసులో నొక సంఘము నియమింపబడెను.

ఆ సంఘము మద్రాసు నగరముననే కూర్చుండెను. పల్లెలకు పోలేదు. బాధితులు తామే రావలెను, లేదా వ్రాసి పంపవలెను. గడువు మూడునెలలు మాత్రమే. రాకపోకలకు ఎవరును బత్తె మీయరు. తిరిగి ఊరు చేరిన తరువాత తహసీలుదారు కన్నెఱ్ఱజేయునను భయ మెటులను ఉన్నది. ఇట్టి స్థితిలో ఎందరు వత్తురని మనమనుకొందుము? మొత్తము 1,959 ఫిర్యాదులు వచ్చెను. వారిలో 519 మంది స్వయముగా వచ్చి నిలిచినవారు. తక్కిన 1,440 మంది వ్రాసి పంపినవారు. వందలమైళ్లు నడచి వచ్చినవారును కలరు. వేఱువేఱు జిల్లాలనుండి, వేఱువేఱు భాషలలో, ఒకరినొకరెఱుగని మనుష్యులు ఒకేవిధమైన బాధలను చెప్పుచుండగా, అది కూడబలుకుకొన్న కట్టుకథ కాజాలదని విచారణ సంఘము తలచెను. 1855 ఏప్రిలులో సమర్పింపబడిన నివేదిక, చిత్రహింస యున్నమాట నిజమని స్పష్టముగా ఒప్పుకొనెను.

ఆ నివేదికకు లోపము లేకపోలేదు. తప్పంతయు క్రింది దేశీయోద్యోగులదే యనియు, దొరలు దీనికి సమ్మతించినవారు కారనియు నది తీర్మానించెను. శిస్తు గడువులోగా పూర్తిగా రావలెనని పైనుండి ఒత్తిడి చేయువాడు ఒకడు, క్రింద చిరత బిగించువా డొకడు; పాపము మాత్రము రెండవవానికే అంటగట్టబడెను. 1857లో కార్ల్ మార్క్స్ న్యూయార్కు నగరపు ట్రిబ్యూన్ పత్రికలో ఈ నివేదికను విమర్శించుచు వ్యాసము వ్రాసెను. తెలుగు, తమిళ రైతుల వ్రేళ్ల నొప్పి ఈవిధముగా సముద్రములు దాటి అమెరికా పాఠకులకు చేరినది.

లోపములున్నను నివేదిక వ్యర్థము కాలేదు. 1859లో మద్రాసు పోలీసు చట్టము వచ్చెను. పోలీసు శాఖ రెవెన్యూ శాఖనుండి వేఱు చేయబడెను. శిస్తు అడుగువాని చేతిలో లాఠీ యుండరాదను సూత్రము చట్టమయ్యెను. పోలీసు దౌర్జన్య మంతటితో నశించెనని మేము చెప్పము. ఆ ఫిర్యాదు ఈనాడును వినబడుచునే యున్నది. కాని సేద్యగాడు బాకీపడిన శిస్తుకై తహసీలు కచ్చేరీలో చిత్రహింసపడుట సర్కారువారి మౌనాంగీకారముతో నడచు ఆచారముగా నుండుట ముగిసెను. కంపెనీ పాలన ముగింపవలెననియు, రాణి పాలన రావలెననియు కోరుచు పదునాలుగువేల సంతకములతో నింకొక మహజరును శెట్టిగారు పంపించిరి. 1858లో కంపెనీ పాలన అంతమయ్యెను. దానికి ప్రధానకారణము ఉత్తరదేశపు తిరుగుబాటే యనుట నిర్వివాదము. అయినను కత్తిపట్టనివారు సైతము ఆ పాలనతో విసిగియుండిరనుటకు దక్షిణదేశపు సాక్ష్య మీ మహజరు.

ఆనాడు మన సంగారెడ్డి, పటాన్‌చెరు సీమలు నిజాము ఏలుబడిలోనివి. మద్రాసు విచారణ సంఘమునకు వీరు ఫిర్యాదు చేసికొనుటకు వీలులేదు. ఇక్కడ శిస్తు వసూలును గుత్తకిచ్చు పద్ధతి చిరకాలము సాగెను. గుత్తేదారు పెట్టిన పైకమునకు ఎన్నిరెట్లు రాబట్టునో అంతయు లాభమే. ఆ లాభము రైతు చెమటనుండి రావలెను. మొదటి సాలార్‌జంగు 1865లో జిలాబందీ నేర్పరచి, జిల్లాలను విభజించి, జీతగాండ్రైన తాలూకుదారులను నియమించిన తరువాతగాని మన ప్రాంతమున క్రమమైన పరిపాలన రూపు దాల్చలేదు. శాసనములు చేయుటకు హైదరాబాదులో నొక సభ యేర్పడుట 1893లో జరిగెను. అందువలన మద్రాసులో జరిగిన పోరాటము మనకు పరాయిది కాదు; మన తాతలకు దొరకని అవకాశము వారికి కొంత ముందుగా దొరకినదని మాత్రము తలంపవలెను.

ఇక శెట్టిగారి శాసనసభ్యత్వము సంగతి. 1861లో పార్లమెంటు చేసిన కౌన్సిళ్ల చట్టమువలన మద్రాసు గవర్నరు సభకు శాసనములు చేయు నధికారము మఱల లభించెను. గవర్నరు నలుగురికి తక్కువ కాకుండ, ఎనమండుగురికి మించకుండ అదనపు సభ్యులను నియమింపవచ్చును. వారిలో సగముమందియైన ఉద్యోగులు కానివారై యుండవలెను. కాలపరిమితి రెండేండ్లు. తొలి భారతీయ సభ్యుడు వెంబాకం సదగోపాచార్యులుగారు. ఆయన మరణానంతరము 1863లో శెట్టిగారా సభలో ప్రవేశించిరి. సి.ఎస్.ఐ. బిరుదమును సర్కారు వారి కొసంగినది. పత్రికా ప్రకటనకు గెజిటులో చోటీయని ప్రభుత్వమే, రెండు దశాబ్దము లైనను గడువకమునుపు వారిని సభలో కూర్చుండబెట్టెను.

ఆ సభ ఎట్టిది? సభ్యుడు ప్రశ్న వేయరాదు. ఆదాయవ్యయముల పట్టికను చర్చింపరాదు. అధికారుల చేష్టలను విచారింపరాదు. ఎదుటనున్న బిల్లును గూర్చి మాత్రము మాటాడవచ్చును. చిత్రహింసను గూర్చి పార్లమెంటును కదిలించిన శెట్టిగారు, సభలో కూర్చున్న తరువాత ఒక తహసీలుదారుని దౌర్జన్యమును గూర్చి ఒక్క ప్రశ్న వేయుటకైనను హక్కు లేనివారైరి. అదే కాలమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక రైతో, అంగడివాడో తన యూరిలో పన్ను మదింపుదారుగానో, పంచాయతీ పెద్దగానో ఓట్లతో నెన్నికై, ఆపైన రాష్ట్ర శాసనసభకు పోవుచుండెను. అక్కడను స్త్రీలకు ఓటు లేదు. బానిసలుగా నుంచబడినవారి మాట చెప్పనే యక్కరలేదు. ఐనను ఓటిచ్చినవానికి జవాబు చెప్పుకొనవలసిన సభ్యు డతడు. మన సభ్యుడు మాత్రము నియమించిన గవర్నరునకే జవాబుదారు.

కనుక మేమొక విషయమును గట్టిగా చెప్పదలచితిమి. శెట్టిగారి చరిత్రలో శాసనసభ్యత్వము శిఖరము కాదు. ఆయన జీవితములో బలమైన ఘట్టము పదవి లేని కాలమే. పత్రిక, సంఘము, మహజరు, పల్లెలలో ప్రయాణము - వీనిచేత సాధించినంత, కుర్చీచేత ఆయన సాధింపలేదు. అందులకు కారణము ఆయన శక్తి తగ్గుట కాదు. ఆ కుర్చీకి కాళ్లు లేకుండుట. తన వెనుక ఓటర్లు లేని సభ్యుడు మర్యాదకు పాత్రుడు కావచ్చును గాని శక్తికి పాత్రుడు కాజాలడు.

1868లో శెట్టిగారు మరణించిరి. అప్పటికి వారి సంపద చాలవఱకు ప్రజాకార్యములకే ఖర్చయి, కడపటి దినములు ఇబ్బందులతో గడచెను. నెలవంక పేరిటి పత్రిక పూర్ణిమను చూడకయే ఆగిపోయెను. మద్రాసు నేటివ్ అసోసియేషను సైతము ఆయన పోయిన పిమ్మట నిస్తేజమయ్యెను. ఒక్క మనిషి భుజముపై నిలిచిన సంఘమునకు ఇట్టి గతి సాధారణము. ఇది కూడ ఒక పాఠమే.

అయినను విత్తనము చావలేదు. 1884లో మద్రాసు మహాజనసభ పుట్టెను. 1892 చట్టమువలన సభ్యులకు ప్రశ్నించు హక్కును, ఆదాయవ్యయములను చర్చించు హక్కును కొంతవఱకు లభించెను. పురపాలక సంఘములును, జిల్లా బోర్డులును సభ్యుల పేర్లను సూచించు పద్ధతి యేర్పడెను. ఆ దారిని 1893లో రాజమహేంద్రవరమునుండి న్యాపతి సుబ్బారావు పంతులుగారు మద్రాసు శాసనసభకు వెళ్లిరి. ఊరి సంఘమునుండి రాష్ట్రసభకు నిచ్చెన మొదటిమెట్టు అట్లు పడినది. వయసు వచ్చిన ప్రతివానికిని, ప్రతి స్త్రీకిని ఓటు లభించి, సభ్యుడు ప్రజకు జవాబుదారుడగుటకు 1952వ సంవత్సరపు ఎన్నికలవఱకు ఆగవలసివచ్చెను.

నేడు మన కా ఓటు కలదు. ఐనను అర్జీ అవసరము తీరలేదు. పటాన్‌చెరు, బొల్లారము కర్మాగారముల వ్యర్థజలముచేత నక్కవాగు పాడై, బావులును పొలములును చెడినపుడు, 1990లో ఆ గోడు సుప్రీంకోర్టునకు అర్జీ రూపముననే చేరెను. అచ్చటను ఊళ్లనుండి సాక్ష్యము రావలసివచ్చెను. అచ్చటను చూచివచ్చినవారి మాటయే అవసరమయ్యెను. శాసనసభ్యు డున్నను, చట్టమున్నను, కాగితము వ్రాసి నిలువబడు మనిషి యుండవలెను.

1854 చివర మద్రాసునకు నడచివచ్చిన ఆ 519 మంది పేర్లు మనలో నెవరును స్మరింపరు. వారు రాకపోయినచో లక్ష్మీనర్సు శెట్టిగారి శ్రమ యెంతటిదైనను మాటగానే మిగిలియుండును. ఆయన దారి చూపిరి; వారు నడచిరి. రాబోవు సోమవారము కలెక్టరు కార్యాలయపు వరుసలో నిలుచు మన యూరివాని చేతిలోని కాగితమును చూచునపుడు, ఆ నడకను ఒక్కసారి జ్ఞాపకము చేసికొనవలెనని పాఠకులను కోరుచున్నాము.